స్టాన్‌ఫర్డ్ స్టార్టప్ క్లాసు 20 వీడియోలు: రెండోసారి మొత్తం చూశాక నా రివ్యూ

సక్సెస్ అయిన ఫౌండర్లు కాలేజీకొచ్చి స్టూడెంట్స్‌తో మాట్లాడే ప్రోగ్రాములంటే నాకు మొదట్నుంచీ ఇష్టం. చదువుకునే రోజుల్లో ఒక్కటి కూడా వదిలేవాణ్ణి కాదు, ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకునేవాణ్ణి. ఆ నోట్‌బుక్ ఈ మధ్య ఇల్లు సర్దుతుంటే దొరికింది, తీసి చదివితే పేజీల కొద్దీ ప్యాషన్ ఉండాలి, రిస్క్ తీసుకోవాలి, ఫెయిల్యూర్‌కి భయపడొద్దు, ఇవే. ఎవరు చెప్పారో ఆ పేర్లు తీసేస్తే ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ తేడానే తెలీదు. వాళ్లు తప్పేం చెప్పలేదు, కష్టపడి పైకొచ్చిన మనుషులే, మన కోసం టైం ఇచ్చారు, అది చిన్న విషయం కాదు. కానీ రేపు పొద్దున లేచి నేను చెయ్యాల్సిన పని ఏంటి అన్నదానికి ఆ పేజీల్లో జవాబు లేదు.

అదే నోట్‌బుక్‌లో చివరి పది పన్నెండు పేజీలు మాత్రం వేరేగా ఉన్నాయి. వాటిల్లో ఎవరితో మాట్లాడాలి, ఏం అడగాలి, ఏ లెక్క చూసుకోవాలి, ఇలా ఉంది. అవి ఎదురుగా కూర్చుని విన్న టాకులవి కావు, యూట్యూబ్‌లో చూసి రాసుకున్నవి. 2014 లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సిఎస్ 183బి అని ఒక క్లాసు నడిచింది, పేరు హౌ టు స్టార్ట్ ఎ స్టార్టప్. కొత్త స్టార్టప్‌లకి మొదట్లో డబ్బూ సలహాలూ ఇచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్‌కి అప్పటికి ప్రెసిడెంట్‌గా ఉన్న శామ్ ఆల్ట్‌మన్ దాన్ని నడిపాడు, రోజుకొకరినో ఇద్దరినో పిలిచి స్టూడెంట్స్ ముందు నిలబెట్టాడు, మొత్తం 20 లెక్చర్లు, ఒక్కోటి దాదాపు ముప్పావుగంట ఉంటుంది, అన్నీ ఫ్రీగా పెట్టేశారు. మొదటిసారి చూసినప్పుడు నేను స్టూడెంట్‌ని. ఇప్పుడు ఉద్యోగం చేసి, ఒక చిన్న ప్రయత్నం చేసి ఆపేసి, మళ్లీ మొత్తం మొదట్నుంచి చూశాను. అప్పుడు గొప్పగా అనిపించినవి కొన్ని ఇప్పుడు తేలిపోయాయి, అప్పుడు బోర్ కొట్టి స్కిప్ చేసినవి ఇప్పుడు బంగారంలా అనిపించాయి, అందుకే రాస్తున్నా.

మొదటి లెక్చర్ సగం ఆల్ట్‌మన్, సగం ఫేస్‌బుక్ కో-ఫౌండర్ డస్టిన్ మోస్కోవిట్జ్. ఆల్ట్‌మన్ ఒక ఫార్ములా చెప్తాడు, ఐడియా ఇంటూ ప్రోడక్ట్ ఇంటూ ఎగ్జిక్యూషన్ ఇంటూ టీమ్ ఇంటూ లక్, ఆ లక్ అనేది సున్నాకీ పదివేలకీ మధ్య ఏ నంబరైనా కావొచ్చు అంటాడు. గెలిచినవాళ్లు స్టేజీ ఎక్కి అదృష్టం గురించి ఇంత ఓపెన్‌గా చెప్పడం నేను చాలా తక్కువ చూశాను. తర్వాత మోస్కోవిట్జ్ వచ్చి, అసలు స్టార్టప్ ఎందుకు పెట్టాలనుకుంటున్నారు అని అడిగి, స్టూడెంట్స్ మనసులో ఉండే కారణాలన్నీ వరసగా తీసి చూపిస్తాడు. గ్లామర్ అనుకుంటారు, రాత్రిళ్లు నిద్ర ఉండదు. నాకు నేనే బాస్ అనుకుంటారు, పనిచేసేవాళ్లు, కస్టమర్లు, పార్టనర్లు, అందరూ బాసులే అవుతారు. టైం మన చేతిలో ఉంటుందనుకుంటారు, ఎప్పుడు ఫోన్ మోగినా ఎత్తాలి. ఇక డబ్బు గురించైతే, బాగా ఎదుగుతున్న కంపెనీలో నూరో ఉద్యోగిగా చేరినా సొంత కంపెనీ పెట్టినదానికంటే ఎక్కువే రావొచ్చు అని లెక్క వేసి చూపిస్తాడు. మరి ఎందుకు పెట్టాలి అంటే, ఆ పని చెయ్యకుండా ఉండలేకపోతేనే పెట్టండి అంటాడు. కోట్లు సంపాదించిన మనిషి వచ్చి మీకిది అవసరమా అని నిదానంగా అడగడం వినడానికి అంత ఉత్సాహంగా ఉండదు, మొదటిసారి నేను ఆ భాగం ఫార్వర్డ్ చేశాను. ఇప్పుడు చూస్తే స్టూడెంట్స్‌కి చెప్పాల్సిన మొదటి మాట అదే అనిపించింది.

మూడోది పాల్ గ్రాహమ్, వై కాంబినేటర్ పెట్టినవాళ్లలో ఒకరు. ఈయనది ఇంకా సూటిగా ఉంటుంది. కొత్తగా స్కీయింగ్ చేసేవాడికి స్పీడు తగ్గించాలంటే వెనక్కి వాలాలి అనిపిస్తుందట, కానీ వాలితే కంట్రోల్ తప్పి పడిపోతాడు, స్టార్టప్‌లో కూడా మనకి సహజంగా తోచేవి చాలా వరకు అలాగే తప్పుగా ఉంటాయి అంటాడు, ఒక్క మనుషుల విషయంలో తప్ప. ఎవరి గురించైనా లోపల అనుమానంగా ఉంటే ఆ అనుమానాన్ని నమ్మమంటాడు. నేను మాత్రం ఈ ఒక్క మాట వినకపోవడం వల్లే నష్టపోయాను, మంచి మార్కులు, మంచి మాటకారి అని ఒకతన్ని కలుపుకున్నాం, మొదటి వారంలోనే నాకు తేడాగా అనిపించింది, అయినా సర్దుకుపోదాంలే అనుకున్నాను, అక్కడ ఆరు నెలలు పోయాయి.

గ్రాహమ్ ఇంకోటి చెప్తాడు, స్టూడెంట్స్ స్టార్టప్ పెట్టడం పిల్లలు బొమ్మరిల్లు ఆట ఆడినట్టు ఉంటుందని. ఐడియా, ఫండింగ్, అందమైన ఆఫీసు, ఫ్రెండ్స్‌ని ఉద్యోగంలోకి తీసుకోవడం, బయటికి కనిపించేవన్నీ చేస్తారు, జనానికి కావాల్సింది తయారుచెయ్యడం ఒక్కటే మర్చిపోతారు. పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో సిస్టంని మేనేజ్ చేసే కిటుకులు పనిచేస్తాయి కాబట్టి ఇక్కడ కూడా ఏదో కిటుకు ఉంటుందని వెతుకుతారు, యూజర్ దగ్గర కిటుకులు నడవవు, వాడికి పనికొస్తే వాడతాడు లేదంటే మూసేస్తాడు. ఇక స్టాన్‌ఫర్డ్ పిల్లల ముందు నిలబడి కాలేజీలో ఉండగా స్టార్టప్ పెట్టొద్దు అని చెప్పేశాడు. పిల్లల్ని కనడం లాంటిదట, ఒకసారి ఆ బటన్ నొక్కాక జీవితం మళ్లీ పాతలా ఉండదు, ఇరవై ఏళ్లప్పుడు మాత్రమే చెయ్యగలిగే పనులు కొన్ని ఉంటాయి, అవి చేసుకోండి, బాగా నేర్చుకోండి అంటాడు. దీనికి తోడుగా ఒక లెక్క చెప్తాను, అమెరికాలో సెన్సస్ డేటాతో చేసిన స్టడీ 2018 లో వచ్చింది, అందులో అన్నిటికన్నా వేగంగా ఎదిగిన కంపెనీలు, అంటే వెయ్యిలో ఒకటి అన్నట్టున్న వాటి ఫౌండర్ల సగటు వయసు, కంపెనీ పెట్టేనాటికి, 45. స్టేజీ మీద మాత్రం మనకెప్పుడూ ఇరవై ఏళ్లకే పెట్టినవాళ్లే కనిపిస్తారు, అందుకే మూడో సంవత్సరం అయిపోతోంది నేనింకా ఏమీ చెయ్యలేదు అని బెంగపడే పిల్లలకి ఈ నంబరు తెలియాలి.

ఇక నా దృష్టిలో మొత్తం సీరీస్‌లో బెస్ట్ అంటే ఎనిమిదో లెక్చర్ మొదటి భాగం. ఫుడ్ డెలివరీ కంపెనీ డోర్‌డాష్ ఫౌండర్లలో ఒకడైన స్టాన్లీ టాంగ్. అప్పటికి ఏడాది రెండేళ్ల ముందు వరకూ తను కూడా అక్కడే స్టూడెంట్. గొంతులో పెద్దరికం లేదు, నీతులు లేవు, మేము ఇది చేశాం తర్వాత ఇది చేశాం అని చెప్పుకుంటూ పోతాడు. చిన్న వ్యాపారాలకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఏదో చేద్దామని షాపుల వాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడుతుంటే, ఒక స్వీట్ షాపు మేనేజరు లావుపాటి పుస్తకం తీసి చూపించిందట, నిండా డెలివరీ ఆర్డర్లే, చేరవేసే మనుషుల్లేరు, అన్నీ నేనే చూసుకోవాలి అందట. అక్కడ మొదలైంది. 2013 జనవరిలో ఒక్క పూటలో పాలో ఆల్టో డెలివరీ అని ఒక పేజీ పెట్టారు. అందులో ఏముంది, కొన్ని రెస్టారెంట్ల మెనూలు పీడీఎఫ్‌లుగా, ఒక ఫోన్ నంబరు, అంతే. యాప్ లేదు, డ్రైవర్లు లేరు, వెనకాల సాఫ్ట్‌వేర్ లేదు. అసలు ఎవరైనా ఫోన్ చేస్తారా చూద్దామని పెట్టారు, చేశారు. ఎవరో థాయ్ ఫుడ్ కావాలన్నారు, వీళ్లే కారేసుకుని వెళ్లి తెచ్చిచ్చారు.

ఆ తర్వాత చెప్పేదంతా ఒక్కో ముక్క రాసుకోవాల్సిందే. ఆర్డర్లు గూగుల్ డాక్స్‌లో రాసుకోవడం, డబ్బులు స్క్వేర్ అనే కార్డు పేమెంట్ సర్వీసు మీద తీసుకోవడం, డ్రైవరు ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి ఫోన్‌లో ఫ్రెండ్స్ ఎక్కడున్నారో చూపించే మామూలు యాప్ వాడటం. క్లాసుల మధ్యలో డెలివరీలు వాళ్లే చేసేవాళ్లు, ఫోన్లు వాళ్లే ఎత్తేవాళ్లు, రాత్రి పూట కూర్చుని కొత్త కస్టమర్లకి ఒక్కొక్కరికీ తనే మెయిల్ రాసి ఎలా వచ్చింది ఫుడ్డు అని అడిగేవాడట. ఎదిగాక ఇలా చెయ్యలేరు, అది అతనికీ తెలుసు, కానీ మొదట్లో ఇలా చేస్తేనే ఆ పని లోతుపాతులు తెలుస్తాయి, తర్వాత సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు ఏం రాయాలో అప్పుడే తెలుస్తుంది అంటాడు. నా పాత నోట్‌బుక్‌లో నాలుగేళ్ల పాటు రాసుకున్న టాకులన్నీ ఒక పక్క, ఈ ఇరవై నిమిషాలు ఒక పక్క. కారణం ఒక్కటే అనుకుంటున్నా, ఆ మనిషికి అవన్నీ ఇంకా నిన్నమొన్నటి పనులు. చేతికింకా మట్టి అంటుకునే ఉంది, అందుకని చేతులతో ఏం చేశాడో చెప్పగలిగాడు. ఇరవై ఏళ్ల కిందట గెలిచినవాళ్లకి ఆ చిన్న చిన్న సంగతులు గుర్తుండవు, వాటి బదులు సూత్రాలు మిగులుతాయి, వినేవాడికి అది నేల విడిచి సాము చేసినట్టే ఉంటుంది. మీ కాలేజీలో గెస్ట్‌ని పిలిచే బాధ్యత మీదైతే ఇది మనసులో పెట్టుకోండి, పేరున్న పెద్దమనిషి దొరక్కపోయినా ఫర్వాలేదు, మూణ్ణాలుగేళ్ల కిందట మొదలుపెట్టి ఇంకా కష్టపడుతున్నవాళ్లని పిలవండి.

దీనికి పక్కన పెట్టాల్సింది పదహారోది, వీడియో గేములు ఆడుతూ లైవ్‌లో చూపించే సైట్ ట్విచ్ ఫౌండర్లలో ఒకరైన ఎమెట్ షియర్, యూజర్లతో ఎలా మాట్లాడాలి అన్న ఒక్క సంగతి మీదే. ఇతను మొదట తన తప్పు చెప్తాడు. కికో అని ఒక ఆన్‌లైన్ క్యాలెండర్ కట్టారు, వాళ్లెవరూ క్యాలెండర్ వాడేవాళ్లు కాదు, వాడేవాళ్లతో మాట్లాడనూ లేదు, చివరికి 2006 లో దాన్ని ఈబేలో వేలానికి పెట్టి అమ్ముకున్నారు. తర్వాత జస్టిన్ టీవీ అని లైవ్ వీడియో సైట్, దాంట్లోంచి ట్విచ్. ట్విచ్ వైపు తిరిగినప్పుడు మాత్రం మనుషుల్ని పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టారు, తమ సైట్ వాడుతున్నవాళ్లు ఒక రకం, పోటీ సైట్‌లో ఉన్నవాళ్లు ఒక రకం, అసలు స్ట్రీమింగే చెయ్యనివాళ్లు ఒక రకం, ముగ్గురూ చెప్పింది మూడు వేర్వేరు సంగతులు. మన దగ్గరున్నవాళ్లనే అడిగితే చిన్న చిన్న ఫీచర్లు అడుగుతారు, మన దగ్గరికి రానివాళ్లు ఎందుకు రాలేదో చెప్తే అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఆ క్లాసు జరుగుతున్న 2014 లోనే అమెజాన్ ట్విచ్‌ని 97 కోట్ల డాలర్లకి కొనేసింది, అయినా మనిషి ఆ డబ్బు గురించి కాదు, ప్రశ్న ఎలా అడగాలన్నదాని గురించే మాట్లాడతాడు.

ఇంకా బాగుండేది ఏంటంటే ఊరికే చెప్పి ఊరుకోడు, అక్కడే చేయిస్తాడు. లెక్చర్లలో నోట్సు రాసుకునే యాప్ ఒకటి కడుతున్నాం అనుకోండి, ఎవరితో మాట్లాడతారు అని క్లాసునే అడుగుతాడు, స్టూడెంట్స్ అని అందరూ అంటారు, కొనేది ఎవరు, పేరెంట్సా, కాలేజీ వాళ్లా అని ఇంకా లాగుతాడు. తర్వాత స్టూడెంట్‌ని ముందు పెట్టుకుని అందరి ముందే ఇంటర్వ్యూ చేస్తాడు. యాప్ ఊసే ఎత్తడు, ఇప్పుడు నోట్సు ఎలా రాసుకుంటున్నావు, ఎప్పుడు మళ్లీ తీసి చూస్తావు, ఎవరికైనా పంపిస్తావా, ఇవే. ఇలాంటి ఫీచర్ ఉంటే వాడతావా అని అడిగితే అందరూ ఆ వాడతాం అనే అంటారు, ఆ మాటకి విలువ లేదు.

ఇది నాకు ఎలా పనికొచ్చిందో చెప్తాను. అప్పట్లో నేనూ నా ఫ్రెండూ కలిసి పాత క్వశ్చన్ పేపర్లన్నీ ఒకచోట పెట్టే యాప్ ఒకటి చేస్తుండేవాళ్లం, నాలుగు నెలలు కోడ్ రాశాం, ఇంకా ఎవరికీ చూపించలేదు. ఈ వీడియో చూసిన మర్నాడు జూనియర్స్ పది మందిని పట్టుకుని, యాప్ గురించి చెప్పకుండా, పోయిన పరీక్షకి మొదట్నుంచి చివరి దాకా ఎలా చదివావు చెప్పు అని అడిగాం. పాత పేపర్లు దొరక్క ఇబ్బంది పడినవాడు ఒక్కడూ లేడు, అవన్నీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. వాళ్ల బాధంతా ఆ ప్రశ్నలకి ఆన్సర్లు కరెక్టో కాదో చెప్పే మనిషి లేకపోవడం. నాలుగు నెలల్లో తెలియనిది రెండు మధ్యాహ్నాల్లో తెలిసింది. ఆ యాప్ ఆపేశాం, బాధేసింది, కానీ ఇంకో ఏడాది దాని మీద పెట్టకుండా బయటపడ్డాం, అందుకు నేను ఈ లెక్చర్‌కి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇప్పుడు, రెండోసారి చూసినప్పుడు మాత్రమే అర్థమైన సంగతి. 2014 లో ఆ స్టేజీ ఎక్కినవాళ్లందరూ గెలిచినవాళ్లే. ఇప్పుడు మనకి తర్వాత ఏమైందో తెలుసు. నాలుగో లెక్చర్ ఇచ్చిన అడోరా చంగ్, ఇళ్లు క్లీన్ చేసే మనుషుల్ని పంపించే హోమ్‌జాయ్ ఫౌండర్, ఆ పని తెలుసుకోవడానికి ముందు తామే ఇళ్లు శుభ్రం చేశామని, అది చాలక ఒక క్లీనింగ్ కంపెనీలో తనే పనికి చేరానని చెప్తుంది, వింటుంటే లేచి దండం పెట్టాలనిపిస్తుంది. ఏడాది తిరక్కుండా, 2015 జులైలో హోమ్‌జాయ్ మూతపడింది, పనిచేసేవాళ్లు ఉద్యోగులా కాంట్రాక్టర్లా అన్న కేసులు మీద పడ్డాయి, కొత్త ఫండింగ్ రావడం కష్టమైంది. హార్డ్‌వేర్ గురించి చెప్పిన హొసేన్ రహ్మాన్ కంపెనీ జాబోన్ 2017 లో లిక్విడేషన్‌కి, అంటే మూసేసి ఉన్నదంతా అమ్మేసే దశకి వెళ్లింది. ఫండింగ్ లెక్చర్‌లో కూర్చున్న పార్కర్ కాన్రాడ్, రూల్స్ సరిగ్గా పాటించలేదన్న గొడవలో 2016 ఫిబ్రవరిలో తను పెట్టిన జెనిఫిట్స్ కంపెనీ నుంచే తప్పుకోవాల్సొచ్చింది, మళ్లీ అదే సంవత్సరం రిప్లింగ్ అని ఇంకోటి మొదలుపెట్టాడు. ఇంకో పక్క డోర్‌డాష్, ప్రయాణాల్లో ఉండటానికి ఇళ్లూ గదులూ అద్దెకి చూపించే ఎయిర్‌బీఎన్‌బీ, రెండూ 2020 డిసెంబర్‌లో ఒకే వారంలో స్టాక్ మార్కెట్లోకి వెళ్లాయి.

వీడియోల్లో వీళ్లందరి గొంతులూ ఒక్కలాగే ఉన్నాయి. అదే నమ్మకం, అదే స్పష్టత. రెండేళ్లలో మూతపడే కంపెనీ ఏదో, ప్రపంచమంతా విస్తరించే కంపెనీ ఏదో ఆ మాటల్లోంచి పట్టుకోవడం నా వల్ల కాలేదు, చివరి సంగతి తెలిసి చూస్తున్నా కూడా. అలాగని అడోరా చెప్పిన పద్ధతి తప్పా అంటే కాదు, పనిని చేతులతో చేసి తెలుసుకోవాలన్నది నూటికి నూరు పాళ్లు కరెక్టు, కంపెనీ పోవడమూ నిజమే. మంచి పద్ధతి ఉన్నంత మాత్రాన కంపెనీ నిలబడదు, కంపెనీ నిలబడింది కదా అని చెప్పిందంతా మంచి పద్ధతీ కాదు. పదో లెక్చర్‌లో ఎయిర్‌బీఎన్‌బీ ఫౌండర్లలో ఒకడైన బ్రయాన్ చెస్కీ కల్చర్ గురించి చెప్తూ మొదటి ఇంజనీర్‌ని తీసుకోవడానికి నెలల తరబడి వెతికామని, ఇంక ఒక్క ఏడాదే బతుకుతావంటే ఈ ఉద్యోగం చేస్తావా అని అడిగేవాణ్ణని అంటాడు, అంతగా ఏరి తీసుకున్న కంపెనీ 2020 మేలో ప్రయాణాలన్నీ ఆగిపోయినప్పుడు దాదాపు 1,900 మందిని, అంటే నాలుగో వంతు మందిని తీసెయ్యాల్సొచ్చింది. ఇది తెలిసి ఆ లెక్చర్ చూస్తే ఆ మాటల బరువు వేరేలా తెలుస్తుంది. అందుకే నా సలహా, ఏ వీడియో చూసినా అయిపోయాక ఆ కంపెనీ తర్వాత ఏమైందో ఒక పది నిమిషాలు వెతికి చదవండి, అప్పుడే ఆ లెక్చర్ పూర్తయినట్టు.

ఇంకో సంగతి స్టూడెంట్స్ గమనించాలి. వచ్చినవాళ్లలో చాలామంది ఇన్వెస్టర్లు, పీటర్ థీల్, మార్క్ ఆండ్రీసన్, రాన్ కాన్వే, బెన్ హోరోవిట్జ్, ఇలా. వాళ్లు వంద కంపెనీల్లో డబ్బు పెడతారు, అందులో ఒకటో రెండో బ్రహ్మాండంగా వెళ్తే చాలు మిగతావి పోయినా వాళ్లకి లాభమే. మనకి ఉన్నది ఒక్క జీవితం, ఒక్క కంపెనీ. పెద్దగా ఆలోచించు, చిన్నది వద్దు అని వాళ్లు చెప్పే సలహా వాళ్ల లెక్క ప్రకారం పూర్తిగా సరైనదే, మన లెక్క ప్రకారం ఎప్పుడూ సరైంది కాకపోవచ్చు. ఫండింగ్ తీసుకోకుండా నెమ్మదిగా లాభంతో నడుపుకునే చిన్న వ్యాపారం కూడా వ్యాపారమే, అలాంటి వాటి కోసం ఒక పూర్తి లెక్చర్ కూడా లేదు, నాకు అది నిజంగా బాధ అనిపించింది, ఎందుకంటే వినే పిల్లల్లో ఎక్కువ మందికి పనికొచ్చేది అదే కావొచ్చు. ఆ ఫండింగ్ క్లాసులో నాకు నచ్చింది కాన్రాడ్ మాటే, పిచ్ చెప్పడం, అంటే ఇన్వెస్టర్ల ముందు మన కంపెనీ గురించి చెప్పడం, ఇంకా బాగా నేర్చుకోవడం కన్నా వ్యాపారాన్నే ఇంకా బాగు చేసుకోండి, అప్పుడు డబ్బు అడగడం తేలికవుతుంది అంటాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. థీల్ లెక్చర్ తెలివిగా ఉంటుంది, ఎయిర్‌లైన్స్‌కి గూగుల్ కంటే ఎక్కువ ఆదాయం వచ్చినా చివరికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, ఎందుకంటే పోటీ అంతా తినేస్తుంది అని చూపిస్తాడు, విని ఆలోచించండి కానీ పోటీ అంటేనే చేతకానివాళ్లకి అన్నట్టు తీసుకోకండి. ఆరోది అలెక్స్ షుల్ట్జ్, ఫేస్‌బుక్ గ్రోత్ చూసినాయన, ఇది తప్పకుండా చూడాలి, చేరినవాళ్లలో రోజులు గడిచేకొద్దీ ఎంతమంది మిగులుతున్నారో గ్రాఫ్ గీసుకోమంటాడు, ఆ గీత కిందికి జారి జారి ఎక్కడో ఒకచోట అడ్డంగా నిలబడితే మీ దగ్గర పనికొచ్చేది ఉన్నట్టు, సున్నా దాకా జారిపోతే ఎన్ని యాడ్స్ వేసినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. పద్నాలుగోది కీత్ రబాయ్, మనుషుల్ని పెట్టుకునేకొద్దీ పని పెరగకపోవడానికి కారణం ఏంటో బాగా చెప్తాడు, ఒక పనిని మొదట్నుంచి చివరి దాకా తనే లాక్కెళ్లగలిగే వాళ్లు ఎంతమంది ఉంటే అన్ని పనులే ఒకేసారి నడుస్తాయి, మిగతావాళ్లు ఎంతమంది ఉన్నా వాళ్ల వెనకే. కాలేజీ ఫెస్ట్ నడిపిన ఎవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. హోరోవిట్జ్‌ది మేనేజ్‌మెంట్, మధ్యలో హైతీ బానిసల తిరుగుబాటు నడిపిన తూసాన్ లూవర్చర్ కథ చెప్తాడు, కథ కోసమైనా వినొచ్చు కానీ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఆ పాఠం అవసరం రాదు, ఉద్యోగంలో మీ కింద మనుషులొచ్చాక మళ్లీ తీయండి. పద్దెనిమిదోది లీగల్, అకౌంటింగ్, పూర్తిగా అమెరికా చట్టాల మీద ఉంటుంది, మీ దేశానికి నేరుగా వర్తించదు, అయినా ఒక్క భాగం చూడండి, కో-ఫౌండర్ల వాటాలు నాలుగేళ్ల మీద కొద్దికొద్దిగా దక్కేలా, మొదటి ఏడాది దాటకుండా వెళ్లిపోతే ఏమీ దక్కకుండా రాసుకోవడం గురించి. ఫ్రెండ్స్‌తో కలిసి మొదలుపెట్టేవాళ్లు మాటల మీద వదిలేస్తారు, నేను కూడా వదిలేశాను, తర్వాత ఆ సంభాషణ ఎంత కష్టంగా ఉంటుందో అనుభవించాను.

లోపాలు కూడా చెప్పాలి. మాట్లాడినవాళ్లు దాదాపు ముప్పై మంది, అందులో ఆడవాళ్లు ముగ్గురే, అందులోనూ ఇద్దరు లీగల్ లెక్చర్‌లోనే. చూసే అమ్మాయిలకి తమలాంటివాళ్లు కనిపించడం ఎంత ముఖ్యమో మా చెల్లి అడిగిన ప్రశ్నతో నాకు తెలిసింది, అన్నయ్యా ఇందులో ఆడవాళ్లు ఏ వీడియోలో ఉన్నారు అని అడిగింది, వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాల్సొచ్చింది. వచ్చినవాళ్లంతా ఒక్క ప్రాంతం, ఒక్క రకం కంపెనీలు, ఎక్కువ సాఫ్ట్‌వేర్. ఇంగ్లిష్ కొంతమంది చాలా స్పీడుగా మాట్లాడతారు, ఆల్ట్‌మన్, థీల్ లాంటి వాళ్లది సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడటమే మంచిది. స్టూడెంట్స్ అడిగే ప్రశ్నలు కొన్ని సరిగ్గా వినపడవు, జవాబుని బట్టి ప్రశ్న ఊహించుకోవాలి. పదేళ్లు దాటిపోయాయి కాబట్టి యాడ్స్, టూల్స్ గురించి చెప్పినవి కొన్ని పాతబడ్డాయి, మనుషుల గురించి చెప్పినవి మాత్రం ఏమీ పాతబడలేదు.

20 వీడియోలూ వరసగా చూడాల్సిన పని లేదు, వరసగా చూసేవాళ్లు మూడో నాలుగో అయ్యాక ఆపేస్తారు, నాతోపాటు మొదలుపెట్టిన ఫ్రెండ్స్ అందరూ అలాగే ఆపేశారు. ఒక్క వీడియో చూసి వారం గ్యాప్ ఇచ్చి ఆ వారంలో దాంట్లో చెప్పిన పని ఏదో ఒకటి చేసి తర్వాతది చూస్తే నిలుస్తుంది. మా చెల్లి ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, ట్యూషన్లు చెప్పేవాళ్లనీ పిల్లలనీ కలిపే ఐడియా ఏదో ఉందని పోయిన నెల నాకు ఫోన్ చేసి గంట సేపు చెప్పింది, లోగో కూడా గీసి పంపింది. నేను ఐడియా గురించి ఏమీ అనలేదు, మూడు, ఎనిమిది, పదహారు, ఈ మూడు లింకులే పంపి ఇవి చూసి మాట్లాడదాం అన్నాను. పదిరోజులకి మళ్లీ ఫోన్ చేసింది. లోగో ఊసు లేదు, నలుగురు తల్లుల్ని, ఇద్దరు టీచర్లని కలిసి వచ్చానంది, తల్లులు అందరూ ఒకటే మాట చెప్పారంట అన్నయ్యా, టీచర్ దొరకడం కష్టం కాదు, వచ్చిన టీచర్ మూడో నెల్లో మానేస్తే ఏం చెయ్యాలి అన్నదే భయం అంట, దీనికి ఏం చెయ్యాలో నాకింకా తెలీదు, రేపు ఇంకో ముగ్గురిని కలుస్తున్నా అని చెప్పి పెట్టేసింది.